మెట్టసీమలో పాడిపశువుల మేత

అనంతపురము జిల్లాకు పడమటి అంచున, కర్ణాటక సరిహద్దున కనతిదూరములో నున్న గుమ్మఘట్ట ప్రాంతమునందు పాడిపశువును నమ్ముకొని బ్రదుకు కుటుంబములు పెక్కు గలవు. రెండు మూడెకరముల ఎఱ్ఱనేల, నీరు సన్నగిల్లిన బోరు ఒకటి, కొట్టములో ఒకటి రెండు సీమయావులో ఎనుములో, చాలమందికి ఇంతియే యావదాస్తి. వేరుశెనగ పంట ఏడాదికొకమారు చేతికి వచ్చును, రాకయు బోవును. పాలు మాత్రము దినమునకు రెండుమారులు వచ్చును. పిల్లల బడిఖర్చు, ఉప్పు, పప్పు, మందుమాకులు ఆ పాలడబ్బు మీదనే జరుగుచుండుట ఈ పత్రికను చదువు తలిదండ్రులకు వేరుగ చెప్ప నక్కరలేదు. అయితే ఫాల్గుణము దాటి వామి అడుగంటిన పిమ్మట ఆ యావునే సంతకు తోలవలసిన యవస్థ పట్టుచున్నది. ఆ దినములలో అందరును అమ్మువారే, కొనువారు కొలదిమంది. గనుక ధర పడిపోవును. వానలు కురిసి గడ్డి మొలచిన తరువాత అదే రైతు హెచ్చు ధరపెట్టి మరియొక పశువును కొనును. ఈ రెండు ధరలకు నడుమనున్న భేదమే ఆ యింటికి కలిగిన నష్టము. దానికి మూలము మేత లేమియే. కావున మేతను పండించుట, దాచుట, పెట్టుట అను మూడు విషయములను గూర్చి ఇచ్చట కొంత వివరింపదలచితిని.

ముందుగా ఈ సీమ స్వభావమును తెలిసికొనవలయును. జిల్లా సగటు వర్షము ఏడాదికి సుమారు 550 మిల్లీమీటరులు. నైరుతి ఋతుపవనము తన నీటినంతయు పడమటి కనుమలమీదనే కురిసి వట్టిగాలియై ఇచ్చటికి వచ్చును; ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమునుండి ఇంతదూరము నడచునప్పటికి అలసిపోవును. ఈ రెంటి నడుమ భాద్రపద ఆశ్వయుజములలో పడు వానలే మనకు ముఖ్యమైనవి. ఆషాఢ శ్రావణములలో వీచు గాలి యెంతటి బలమైనదో, పొలములోని తడి నెట్లు పీల్చునో మన విద్యార్థు లెరిగినదే. పొరుగుననున్న కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతములలో హగరి యొడ్డున ఆ గాలి యిసుకను లేపి దిబ్బలుగా పోసినది. ఆ హగరియే వేదవతి. దానికి ఎగువన హిరియూరు సమీపమున మైసూరు ప్రభుత్వమువారు 1907లో ముగించిన వాణీవిలాస సాగరము కలదు. దిగువన మన గుమ్మఘట్ట మండలములో, ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిమ్మట కట్టబడిన భైరవానితిప్ప జలాశయము కలదు. వాణీవిలాస సాగరము 1933 తరువాత మరల పొంగిపొరలినది 2022లోనే యన్నచో, దిగువనున్న మన చెరువు ఎన్నియేడులు ఎండియుండెనో ఊహింపవచ్చును. నదిని నమ్మి పచ్చిమేత వేయుట ఈ సీమలో కుదరదు. వానను నమ్మి, వాన లేనప్పుడు దాచినదానిని నమ్మి పశువును సాకవలయును.

ఈ విషయము మన పూర్వులకు కఠినముగనే తెలిసివచ్చినది. 1876 మొదలు 1878 వఱకు సాగిన ధాత కరవులో, ఈ రాయదుర్గము తాలూకా బళ్లారి జిల్లాలో నున్నప్పుడు, మనుష్యులతోపాటు పశువులు లెక్కకు మిక్కిలిగా చచ్చినవి. కరవు తీరి వాన కురిసిన నాడు దున్నుటకు ఎద్దులు లేక పొలములు బీళ్లుగా నిలిచిపోయినవి. మనుష్యులకు తిండిగింజలు దూరదేశమునుండి రైలుమీద తేవచ్చును. గడ్డి తేలికయు, పెద్దదియు అగు వస్తువు. దానిని మోయుటకగు ఖర్చు దాని విలువనే మించిపోవును. ఈ చిక్కు నేటికిని తీరలేదు. తుంగభద్ర కాలువక్రింద కోసిన వరిగడ్డి లారీలలో వచ్చి మన వాకిట దిగునప్పటికి ధర యేమగునో కొన్నవారికే తెలియును.

ఆ వరిగడ్డిలో సార మెంత? నూరుపాళ్లలో మాంసకృత్తులు మూడు నాలుగు పాళ్లకు మించవు. జొన్నచొప్పయు ఇంచుమించు అట్టిదే, కాని రుచిలో మేలైనది. వేరుశెనగకట్టె వీనికంటె చాల గొప్పది. ఆకు రాలక మంచిగా ఎండినయెడల ఎనిమిది పది పాళ్ల మాంసకృత్తు లుండును. అనంతపురపు రైతు నష్టము వచ్చినను వేరుశెనగ విడువకుండుటకు ఈ కట్టె యొక ముఖ్యకారణమని నా యభిప్రాయము. కాయ కాయకున్నను కట్టె దక్కును, పశువు బ్రదుకును. కాని తీవ్రమైన అనావృష్టి వచ్చిన యేడు కట్టెయు జానెడు పొడవైనను పెరుగక, పీకినకూలి గిట్టదు. ఒక్క పంటనే నమ్మరాదనుట ఇందువలననే.

పశువు గడ్డిని తిని పాలిచ్చుట యెట్లు? దాని మొదటి పొట్టలో కంటికి కానరాని సూక్ష్మజీవులు కోటానుకోట్లు నివసించుచు, మనము జీర్ణించుకొనలేని పీచును కుళ్లబెట్టి ఆమ్లములుగా మార్చును. వానిలో ఎసిటిక్ ఆమ్లమునుండి పాలలోని వెన్న యేర్పడును. పాలకేంద్రమువారు వెన్నశాతమును చూచి ధర కట్టుదురు గదా. పీచుగడ్డి తగ్గించి దాణాను విపరీతముగా పెట్టినచో పాలు హెచ్చవచ్చునుగాని వెన్న తగ్గి లీటరు ధర పడును. ఇక ఆ సూక్ష్మజీవులు తామే పెరుగుటకు మాంసకృత్తులు కావలయును. వట్టి వరిగడ్డి మాత్రమే పెట్టినచో అవి మాడి, గడ్డిని సరిగ జీర్ణింపజేయలేవు. కడుపునిండ తిని పశువు చిక్కిపోవుటకు హేతువిది. పచ్చిమేతలోని పసుపువన్నె పదార్థమైన కెరోటిన్‌నుండి ఎ విటమిను కలుగును. అది చాలనిచో దూడలకు కంటిచూపు మందగించును, ఆవులు కాలమునకు ఎదకు రావు.

సుమారు 400 కిలోల బరువుండి పది లీటర్ల పాలిచ్చు ఆవునకు దినమునకు పచ్చిమేత 20 కిలోలు, ఎండుమేత 5 లేక 6 కిలోలు, దాణా 3 లేక 4 కిలోలు, ఖనిజలవణముల మిశ్రమము 50 గ్రాములు కావలయును. పచ్చిమేతలో మూడవవంతు పప్పుజాతి మొక్కలదైనచో దాణాలో కొంత మిగులును. నీరు చల్లని వేళ 50 లీటర్లు, ఎండకాలమున అంతకు మించియు త్రాగును. దాహమునకు నీరు పెట్టక మేత యెంత పెట్టినను పాలు దిగవు.

పండించు మేతలలో మన మెట్టకు మొదటి స్థానము జొన్నకే యీయవలెను. అది తేమ తక్కువైనప్పుడు ఆకులు చుట్టుకొని, ఎదుగుదల నాపి, వాన వచ్చువఱకు ఓర్చియుండును. కాని ఈ ఓర్పులోనే యొక అపాయము దాగియున్నది. దానిని మనవారు ‘నాము’ అందురు. బాలురు పశువులను తోలుకొనిపోవు ఊరిలో ఈ సంగతి ప్రతివారికి తెలిసియుండవలయును గనుక కొంచెము విపులముగ వ్రాయుచున్నాను.

లేతజొన్న ఆకులలో ధురిన్ అను పదార్థ ముండును. అది ఉన్నచోట నున్నంతకాలము హానిచేయదు. పశువు నమలగనే ఆకు చితికి, ఆ పదార్థము విడిపోయి హైడ్రోసైనిక్ ఆమ్లము పుట్టును. అది మహాతీక్ష్ణమైన విషము. అది రక్తములోనికి చేరి, శరీరములోని కణములు ప్రాణవాయువును ఉపయోగించుకొను శక్తిని చెరచును. ఊపిరి ఆడుచుండును, రక్తములో ప్రాణవాయువు నిండియుండును, కాని కణములకు అది అందదు. అందువలననే నాము తగిలిన పశువు రక్తము మామూలుకంటె మిక్కిలి యెఱ్ఱగ కనబడును. పశువు రొప్పుచు, నురుగు కార్చుచు, తూలిపడి, ఒక్కొక్కప్పుడు పావుగంటలోనే ప్రాణము విడుచును. కరచిన పాము నెవరును చూడలేదే యని ఇంటివారు విస్మయపడుచుందురు.

ఈ విషము ఏ దశలో హెచ్చుగ నుండునో గుర్తుంచుకొనుడు: మోకాలెత్తు దాటని లేతమొక్కలో, వానలేక గిడసబారిన పైరులో, కోసిన మోడులనుండి మరల చిగిర్చిన పిలకలలో. బెట్టకు వాడి వాన పడగానే తటాలున చిగిర్చిన పిలకలు అన్నిటికంటె చెడ్డవి. మన ప్రాంతమున ఇది భాద్రపద మాసములో, ఆకలిగొన్న పశువులు పచ్చదనము కంటబడగనే పరుగెత్తు దినములలో సంభవించును. ఆకలితోనున్నది ఆత్రముగ తినును. ఆత్రముగ తిన్నది ముందు పడును. కావున జొన్నను సగము పైరు పూతకు వచ్చిన పిమ్మట, అనగా సుమారు 50, 60 దినములు దాటిన తరువాతనే కోసి మేపవలయును. బాగుగ ఎండిన చొప్పలో ఈ విషము చాలవఱకు ఎగిరిపోవును. అనుమానమున్న చేనికి పశువులను తోలుటకు ముందు కొంత యెండుగడ్డి వేయుట మంచిది. విషము తగిలినచో ఆలస్యము చేయక పశువైద్యుని పిలువవలెను. ఆయన సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ అను మందులను రక్తనాళములోని కెక్కించును. ఇందులో రెండవది పూర్వము ఛాయాచిత్రములు తీయువారు ‘హైపో’ యని వాడినదే. సమయమునకు అందినచో పడిన పశువు కొలది నిమిషములలో లేచి నిలుచుట కలదు. పలుమారులు కోతకు వచ్చు జొన్నరకములలో ఈ విషము తక్కువగ నుండునట్లు కొన్నిటిని శాస్త్రజ్ఞులు కల్పించిరి. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి కో ఎఫ్.ఎస్. 29 అట్టిది. అయినను బెట్టలో ఏ రకమైనను నమ్మరాదు.

జొన్న మూడు సాళ్లకు అలసంద ఒక సాలు చొప్పున విత్తిన యెడల మేతలో పిండిపదార్థము, మాంసకృత్తులు రెండును కలిసివచ్చును, నేలయు బలపడును. అలసంద వేళ్లమీది బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి భూమికిచ్చును. వాన ఆలస్యమై వేరుశెనగకు కాలము మించినప్పుడు ఉలవ విత్తుట మనవారెరిగిన యుపాయమే. గింజ గుగ్గిళ్లకు, పొట్టు పశువునకు.

ఇప్పుడు ఈ జిల్లాకు ప్రత్యేకమైన మొక్కను గూర్చి చెప్పెదను. స్టైలో అనునది కరీబియన్ ద్వీపములు, దక్షిణ అమెరికా దేశములనుండి వచ్చిన పప్పుజాతి మేతమొక్క. చిన్న పసుపుపచ్చని పూవులు పూయును, ఎఱ్ఱనేలలో, రాతినేలలో, 450 మిల్లీమీటరుల వానతో బ్రదుకును, ఒకమారు నాటుకొన్నచో రాలిన విత్తనములనుండి మరల మొలచుచు కొన్నియేండ్లు నిలుచును. ఆస్ట్రేలియా దేశస్థులు దీనిని తమ బీడుభూములయందు విరివిగ వ్యాపింపజేసిరి. మన దేశమునకు వచ్చిన పిమ్మట దీని విత్తనమును పండించు పని అనంతపురము జిల్లా చిన్నరైతుల చేతికి చిక్కినది. దేశములో బీడుభూములయందును, నీటిపరీవాహక పథకముల గట్లమీదను చల్లిన స్టైలో విత్తనములో అధికభాగము ఈ జిల్లాలోనిదే యన్నచో మనలో పలువురు ఆశ్చర్యపడుదురు. విత్తనము గింజపట్టి నేల రాలును. మొక్కలను కోసి తీసివేసిన తరువాత స్త్రీలు పొలమును చీపురుతో ఊడ్చి, మన్నుతో కూడ ప్రోగుచేసి, జల్లెడపట్టి, చేటతో చెరిగి విత్తనమును వేరుచేయుదురు. మన సీమలో కురిసిన వాన చాలదని బాధపడుచుందుము. విత్తనము రాలి ఎండుకాలమున మాత్రము ఆ వానలేమియే అనుకూలమైనది. తడి తగిలినచో రాలిన విత్తనము పాడగును గదా. ఇట్లు దూరరాష్ట్రముల పశువులకు మేత సమకూర్చిన జిల్లాలోనే, ఇంటివెనుక గట్టుమీద స్టైలో లేని రైతు లనేకు లుండుట విచారింపదగినది.

స్టైలో విత్తనమునకు పైపెంకు గట్టిది. నీటిని 80 డిగ్రీల వేడివఱకు కాచి, అందులో నాలుగు నిమిషములుంచి, తరువాత చన్నీటిలో రాత్రియంతయు నానబెట్టి, నీడలో ఆరబెట్టి చల్లవలెను. ఎకరమునకు మూడు నాలుగు కిలోలు చాలును. లోతుగ పూడ్చరాదు, మన్ను పైపైన కప్పిన చాలును. మొదటియేడు మొక్క చిన్నదై నిరుత్సాహము కలిగించును, కలుపులో కలిసిపోవును. అప్పుడు గొఱ్ఱెలను తోలనీయక కాపాడినచో మూడవయేటికి పుష్కలముగ మేత నిచ్చును. గొఱ్ఱెలు మన ప్రాంతమున ఎన్ని గలవో యెరిగిన వారికి ఈ ‘కాపాడుట’ యనునది విత్తుటకంటె కష్టమని తెలియును. గ్రామస్థులందరు ఒక్కమాటమీద నిలిచి, ఒక బీటిని రెండేండ్లు మూసి, మూడవయేట కోసి పంచుకొన్నప్పుడే అది ఫలించును. ఒంటరిగ ప్రయత్నించువాడు తన యింటి గట్టునకు, కంప వేసిన పెరటికి దానిని పరిమితము చేసికొనుట మేలు. దీనితోపాటు దశరథగడ్డి యని పేరొందిన మొక్కయు గట్లమీదికి తగినదే. పేరునకు గడ్డిగాని అదియు పప్పుజాతియే.

నీరున్నవా రందరును నేపియర్ గడ్డిని కోరుదురు. ఆఫ్రికా ఖండములో పుట్టిన ఈ గడ్డికి రొడీషియాలోని బులవాయో పట్టణవాసియైన కర్నల్ నేపియర్ పేరు వచ్చినది. దానిని సజ్జతో సంకరముచేసి మన దేశ శాస్త్రజ్ఞులు గొప్పరకములను కల్పించిరి. కోయంబత్తూరువారి కో-4 రకము 2008లో వెలువడినది. ఇది గింజకట్టదు, రెండు కణుపుల ముక్కలను నాటవలయును. మొదటికోత 75 దినములకు, తరువాత ప్రతి 45 దినములకు వచ్చును. మంచిసేద్యములో ఎకరమునకు ఏడాదికి 150 టన్నుల వఱకు దిగుబడి కలదని చెప్పుదురు. మన సీమలో దానిలో సగమే వచ్చుననుకొని లెక్కవేయుదము. సగమన 75 టన్నులు, సెంటుకు 750 కిలోలు. పది సెంట్లకు 7,500 కిలోలు. దినమునకు ఇంచుమించు 20 కిలోలు. అనగా పది సెంట్ల నేపియర్ ఒక ఆవు పచ్చిమేతకు సరిపోవును.

నీటి లెక్కయు వేయక విడువరాదు. పది సెంట్లనగా 405 చదరపు మీటరులు. ఒక్కొక్క తడికి ఐదు సెంటీమీటర్ల నీరు పెట్టినచో ఇరువదివేల లీటర్లగును. పది దినముల కొకతడియైనచో దినమునకు రెండువేల లీటర్లు. గంటకు నాలుగువేల లీటర్లు పోయు బోరునకు ఇది భారము గాదు. కాని వేసవిలో గంటకు వేయి లీటర్లు కూడ రాని బోరుమీద అర ఎకరము నేపియర్ వేసినవాడు, చైత్రమాసములో గడ్డి ఎండుచుండగా మరియొక బోరు త్రవ్వుటకు అప్పుచేయును. ఆ యప్పే యావును మ్రింగును. కావున బోరులో వేసవియందు వచ్చు నీటిని కొలిచి, దానికి తగినన్ని సెంట్లే నాటవలయును. బిందుసేద్యపు గొట్టములున్నచో కొంత హెచ్చుగ నాటవచ్చును. ఇంటి కడుగునీరు, కొట్టము కడిగిన నీరు పోవు కాలువవెంట నాటిన ఇరువది ముప్పది దుబ్బులను చులకన చేయరాదు. లేత నేపియర్‌లో ఆక్సలేటు లనునవి యుండి సున్నపుధాతువును బంధించును గనుక అది యొక్కటియే కాక పప్పుజాతి మేతతో కలిపి పెట్టుట యుక్తము.

చెట్లమేతకు గట్లే స్థానము. అవిసె, మునగ మన పెరళ్లలో నున్నవే. సుబాబుల్ ఆకు మాంసకృత్తులకు ప్రసిద్ధి. వేళ్లు లోతుకు పోవును గనుక ఎండలోను పచ్చగ నుండును. కాని దానిలో మిమోసిన్ అను దోషపదార్థ మున్నది. మితిమీరి మేపినచో వెండ్రుకలు రాలును, గొంతుగ్రంథి వాచును. ఇందొక వింత కథ కలదు. ఆస్ట్రేలియాలో ఈ ఆకు తిని పశువులు జబ్బుపడుచుండగా, హవాయి ద్వీపములోని మేకలు అదే ఆకును నిశ్చింతగ తినుచుండుట రేమండ్ జోన్స్ అను శాస్త్రజ్ఞుడు గమనించెను. ఆ మేకల పొట్టలో దోషమును విరుచు సూక్ష్మజీవి యున్నదని కనిపెట్టి, 1980ల తొలినాళ్లలో దానిని ఆస్ట్రేలియా పశువుల పొట్టలోనికి చేర్చిరి, జబ్బు తగ్గెను. 1992లో ఆ జీవికి ఆయన పేరు కలిసివచ్చునట్లు నామకరణము చేసిరి. మన రైతునకు కావలసిన సూత్రము చిన్నది: మొత్తము మేతలో మూడవవంతునకు మించి సుబాబుల్ పెట్టరాదు.

నాగజెముడును కరవులలో ముళ్లు కాల్చి మేపు ప్రయత్నములు మదరాసు రాజధానిలో పూర్వము జరిగినవి. నేడు ముళ్లులేని రకములు వచ్చినవి. బ్రెజిలు దేశపు ఈశాన్యభాగమున, మనకంటె క్లేశపడు మెట్టసీమలో, లక్షలాది యెకరములలో దీనిని పెంచుచున్నారు. అందు నూటికి 85, 90 పాళ్లు నీరే. ఆహారమని గాక, ఎండకాలమున నీటితో కలిసిన మేతయని దానిని భావించి, చొప్పతో కలిపి పెట్టవలెను. అజొల్లా తొట్లను గూర్చి వినినవా రనేకులు. ఎనిమిది పది కోళ్లకు బాగుండునుగాని ఆవు పొట్టకు అది తాలింపు వంటిదే.

ఇక దాచుట. కార్తీకమున పచ్చిమేత మిగులును, చైత్రమున కరవగును. ఈ రెంటిని కలుపు వంతెన పాతరగడ్డి. గాలి చొరకుండ తొక్కి కప్పిన పచ్చిమేతలో లాక్టిక్ ఆమ్లము పుట్టించు సూక్ష్మజీవులు పెరిగి, పెరుగు తోడుకొన్నట్లే మేతను పులియబెట్టి కుళ్లకుండ కాపాడును. ఫ్రాన్సు దేశపు ఒగుస్తు గొఫార్ 1877లో మొక్కజొన్న పాతరను గూర్చి గ్రంథము వ్రాసి దీనిని లోకమునకు చాటెను. ఫిన్లండు దేశస్థుడైన విర్తానెన్ మేతను నిలువచేయు పద్ధతిని శోధించినందులకు 1945లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము పొందెను. గడ్డినిబట్టి నోబెల్ బహుమానమా యని నవ్వు విద్యార్థులు అచ్చటి ఆరుమాసముల మంచుకాలమును తలచుకొనవలెను. వారికి మంచు, మనకు ఎండ.

ఒక ఆవునకు తొంబది దినములు, దినమునకు 15 కిలోల చొప్పున 1,350 కిలోలు కావలయును. ఘనమీటరునకు సుమారు 600 కిలోలు పట్టును గనుక మీటరున్నర పొడవు, మీటరున్నర వెడల్పు, ఒక మీటరు లోతుగల గుంట చాలును. పైపొర కొంత చెడుననుకొని కొంచెము పెద్దదిగ త్రవ్వుట మంచిది. ఎత్తైనచోట త్రవ్వి, అడుగునను ప్రక్కలను ప్లాస్టిక్ పట్టా పరచవలెను. గింజ పాలుపోసికొని గట్టిపడు దశలో జొన్నను కోసి, ఒకపూట వాడనిచ్చి, అంగుళపు ముక్కలుగ నరకవలయును. పిడికిట బిగించి వదలినప్పుడు రసము కారినచో తడి యెక్కువ. ఉండ వెంటనే విచ్చిపోయినచో పొడి యెక్కువ. మెల్లమెల్లగ విచ్చుకొన్నచో సరియైన పదను. పొరపొరగ పోసి, పిల్లలు పెద్దలు ఎక్కి బాగుగ తొక్కవలెను. గాలి మిగిలినచోటనే బూజు పట్టును. పైన పట్టా కప్పి మన్ను పోసి, 45 దినముల పిమ్మట ఒకప్రక్కనుండి తెరచి, ప్రతిదినము కొంతకొంత తీసికొనవలయును. మంచి పాతరగడ్డి పులిసిన వాసన వేయుచు పసుపుకలిసిన ఆకుపచ్చగ నుండును. నల్లబడినను, బూజుపట్టినను పారవేయుటయే క్షేమము. జొన్నలోని నాము విషముకూడ పాతరలో చాలమేరకు తగ్గును.

కొన్న వరిగడ్డికి బలము చేర్చుటకు యూరియా పద్ధతి యొకటి కలదు. నూరు కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 మొదలు 60 లీటర్ల నీటిలో పూర్తిగ కరగించి, పొరపొరకు చల్లి, గట్టిగ తొక్కి, పట్టా కప్పి 21 దినము లుంచవలయును. అందుండి పుట్టు అమ్మోనియా గడ్డిపీచును మెత్తబరచి మాంసకృత్తులకు తోడగును. తీసిన గడ్డిని గంటసేపు గాలికి ఆరబెట్టి పెట్టవలెను. ఆరునెలలు నిండని దూడలకు ఇది పనికిరాదు. యూరియా నీటిని పశువు త్రాగినచో చచ్చును. కలిపిన బాల్చీని కొట్టములో మరచిపోరాదు. కొలత తెలియని వారిచేత ఈ పని చేయింపకుండుట మేలు.

చొప్పను నిలువుగ వేసినచో పశువు ఆకును తిని కాడను త్రొక్కివేయును. నాలుగవవంతు పేడలో కలియును. చేతితో త్రిప్పు కత్తిరింపు యంత్రము నలుగురు రైతులు కలిసి కొన్నను ఒక్క యేడాదిలో దాని వెల రాబట్టుకొందురని చెప్పవచ్చును. వామిని నేలమీద గాక రాళ్లమీద పరచిన కఱ్ఱలపై వేయుట, పైభాగమును వాలుగ కప్పుట పెద్దలు చేయుచున్నదే. ఈశాన్యపు వాన అకాలమున పడి కట్టె నల్లబడిన యేడు దాని విలువ తెలియును.

పై తరగతి విద్యార్థులకు ఒక లెక్క యిచ్చుచున్నాను. సంక్రాంతి సెలవులలో ఇంటివామిలోని చొప్పకట్టల నెంచి, పది కట్టలను తూచి, సగటు బరువు కనుగొని, మొత్తము బరువును వ్రాయుడు. పాతరలో నున్నదానిని గుంట కొలతలనుబట్టి లెక్కింపుడు. కొట్టములోని పశువులకు దినమునకు కావలసినదానితో భాగింపుడు. వచ్చిన దినములు ఆషాఢమాసమునకు చేరునా, చైత్రములోనే ఆగిపోవునా తెలిసిపోవును. చేరనిచో ఎన్ని కిలోలు లోటో పుష్యమాసములోనే తండ్రికి చెప్పవచ్చును. అప్పటికి తుంగభద్ర క్రింద వరికోతలు ముగిసి గడ్డి చవుకగ నుండును. లారీని ముగ్గురు నలుగురు కలిసి పంచుకొనవచ్చును. లోటు మిక్కిలి పెద్దదైనచో పాలుమాని వట్టిపోయిన ఎనుమును అప్పుడే, ఒడలు చిక్కకమునుపే, మంచిధరకు అమ్మి, మిగిలిన మేతను పాలిచ్చు ఆవునకు, చూడి పశువునకు ఉంచుకొనవచ్చును.